నాలుగు కార్ల ప్రయాణానికి దారి చూపే యాప్ ఏది?

మొదటి రోజు సాయంత్రం బసకు చేరాక చూసుకుంటే, మా నాలుగు కార్లలో రెండు మాత్రమే ఒకే దారిలో వచ్చాయని తేలింది. మూడో కారు టోల్ లేని పాత రోడ్డు పట్టుకుని వచ్చింది. నాలుగోది ఊరి బయటి నుంచి చుట్టు తిరిగి, మిగిలిన వాళ్లం సామాను దించుకున్న గంటా పదిహేను నిమిషాలకు చేరింది. బయలుదేరే ముందు రోజు రాత్రి నేనే గ్రూపులో దారి లింకు పెట్టాను. అందరూ ఆ లింకునే తెరిచారు, అందరి ఫోన్లలోనూ ఉన్నది ఒకే యాప్. అందుకే ఎవరూ తప్పు చేయకుండానే ఇంత తేడా ఎలా వచ్చిందో తెలుసుకోకుండా నిద్రపోవాలనిపించలేదు. నాలుగు ఫోన్లనూ కారు బానెట్ మీద పక్కపక్కనే పెట్టి, టార్చి వెలుగులో, ఆ ఉదయం బయలుదేరిన చోటు నుంచి మళ్లీ దారి అడిగాం. గమ్యం పేరు నాలుగింటిలోనూ ఒకటే, నీలి గీతలు మాత్రం రెండు రకాలు.

మూడో ఫోన్‌లో టోల్ రోడ్లు వద్దనే సెట్టింగు ఎన్నో నెలల క్రితం ఎప్పుడో పెట్టింది అలాగే ఉండిపోయింది. నాలుగో కారు సంగతి వేరు. దాని సెట్టింగుల్లో ఏ తేడా లేదు. ఇంధనం కోసం ఇరవై నిమిషాలు ఆగి తిరిగి బయలుదేరినప్పుడు ముందున్న రోడ్డు మీద రద్దీ పెరగడంతో, యాప్ లెక్క మళ్లీ వేసి, ఆ క్షణానికి తొందరగా చేరే దారి అనుకున్నదాన్ని చూపించింది. ఆ చుట్టుదారిలో ఒక వంతెన మరమ్మతులో ఉందన్న విషయం దానికి అందలేదు. మేము పంచుకున్నది దారి అనుకున్నాం కానీ, ఆ లింకులో వెళ్లింది స్థలాల జాబితా మాత్రమే. వాటి మధ్య ఎటు పోవాలన్నది ప్రతి ఫోనూ తానున్న చోటు నుంచి, ఆ నిమిషపు రద్దీని బట్టి, తన సొంత సెట్టింగుల ప్రకారం విడిగా తేల్చుకుంటుంది.

ఈ యాప్‌ల అడుగున ఉన్న ఆలోచన చాలా పాతది. కూడళ్లను చుక్కలుగా, వాటి మధ్య రోడ్లను గీతలుగా, ప్రతి గీత దాటడానికి పట్టే సమయాన్ని దాని బరువుగా తీసుకుని, అన్నిటికంటే తేలికైన దారిని వెతికే పద్ధతిని డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1956లో ఆలోచించి 1959లో ప్రచురించారు. ఇప్పటి యాప్‌లు దానికి ఎన్నో మెరుగులు దిద్దాయి, రోడ్ల మీద ఉన్న ఫోన్ల వేగాన్ని బట్టి ఆ బరువులను ఎప్పటికప్పుడు మారుస్తున్నాయి. ఒంటరిగా వెళ్లేవారికి ఇది గొప్ప సాయం. నాలుగు కార్లు కలిసి వెళ్లేటప్పుడు మాత్రం ఆ మార్పే మమ్మల్ని విడదీసింది, ఎందుకంటే ప్రతి ఫోనూ ఎదుట ఉన్నది ఒంటరి ప్రయాణికుడనే అనుకుంటుంది. అందుకని ఇప్పుడు నేను ఏ యాప్‌నైనా మొదట అడిగే ప్రశ్న ఇదొక్కటే: నేను కోరిన దారిని ఇది అందరి ఫోన్లలోనూ ఉన్నదున్నట్టుగా నిలబెట్టగలదా?

గూగుల్ మ్యాప్స్‌లో దీనికి దగ్గరి మార్గం మధ్యలో ఆగే చోట్లను చేర్చడం. గరిష్ఠంగా తొమ్మిది చేర్చవచ్చు. నిజంగా ఆగే చోట్లు నాలుగైదుకు మించవు కాబట్టి, మిగిలినవాటిని దారిని పట్టి ఉంచే చుక్కలుగా వాడుకోవచ్చు. యాప్ వేరే రోడ్డు ఎంచుకునే అవకాశం ఉన్న ప్రతి పెద్ద చీలిక దాటాక, మనకు కావలసిన రోడ్డు మీదే ఒక చుక్క పెడితే సరిపోతుంది. రెండో రోజుకు నేను ఆరు చుక్కలు పెట్టాను, నాలుగు కార్లూ ఒకే రోడ్డు మీద నడిచాయి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు మీద వేలితో చుక్క పెట్టేటప్పుడు అది అవతలి వైపు పడిందంటే, యాప్ మనల్ని నాలుగు కిలోమీటర్లు ముందుకు తీసుకెళ్లి, వెనక్కి తిప్పి, ఆ చుక్కను తాకించి, మళ్లీ తిప్పుతుంది. నా ఆరు చుక్కల్లో ఒకటి అలాగే పడింది. ముందు కారులో నేనే ఉండటం వల్ల సరిదిద్దగలిగాను గానీ, వెనక కార్లలో ఒకరు యాప్ మాట విని తిరిగిపోయి ఉంటే మొదటి రోజు కథే మళ్లీ జరిగేది. అందుకే చుక్క పెట్టాక ఉపగ్రహ చిత్రాన్ని బాగా దగ్గరికి తెచ్చి, మనం వెళ్లే వైపే ఉందో లేదో చూసుకోవాలి. చుక్క దాటిన ప్రతిసారీ గమ్యం చేరారని యాప్ చెబుతుందని, అక్కడ ఆగనక్కర లేదని డ్రైవర్లకు ముందే చెప్పి ఉంచాలి.

ఆపిల్ మ్యాప్స్ 2022 నుంచి పదిహేను ఆగే చోట్ల వరకు తీసుకుంటోంది, 2023 నుంచి పటాలను ఫోన్‌లోకి దించుకోనిస్తోంది. అందరి దగ్గరా ఐఫోన్లే ఉన్న బృందానికి ఇది చక్కగా కుదురుతుంది. ఒక్కరి దగ్గర ఆండ్రాయిడ్ ఉన్నా ఏర్పాటు రెండుగా చీలుతుంది, అప్పుడు ఒకే దారి అన్న ఉద్దేశమే దెబ్బతింటుంది. 2013లో గూగుల్ కొనుగోలు చేసిన వేజ్, రోడ్డు మీద ఆగిపోయిన బండి, ప్రమాదం, గుంత వంటివాటిని తోటి డ్రైవర్లు తెలియజేసిన వెంటనే చెప్పడంలో మెచ్చుకోదగ్గది. కానీ మధ్యలో ఒక్క చోటే చేర్చనిస్తుంది, పటాలను ముందుగా దించుకునే వీలు లేదు. కాబట్టి దాన్ని ముందు కారులో రెండో ఫోన్ మీద హెచ్చరికల కోసం వాడటం మంచిది, అందరికీ దారి చూపే పని దానికి అప్పగించకూడదు.

దారినే గీతగా పంచుకోవాలనుకునేవారికి జీపీఎక్స్ ఫైలు ఉంది. 2002లో వచ్చిన ఈ ఫైలు రకాన్ని ఎన్నో యాప్‌లు చదవగలవు. ఇందులో రూట్ వేరు, ట్రాక్ వేరు అన్నది పట్టించుకోకపోతే చిక్కులో పడతాం. రూట్ అంటే అక్కడక్కడా పెట్టిన చుక్కలు, వాటి మధ్య దారిని తెరిచిన యాప్ మళ్లీ తానే లెక్కగడుతుంది. ట్రాక్ అంటే రోడ్డు వంపులను పట్టి దగ్గర దగ్గరగా పడిన వందల చుక్కలు, దానిలో కొత్తగా తేల్చుకోవడానికి దాదాపు ఏమీ మిగలదు. గుంపుకు పంపవలసింది ట్రాకే. 2004లో మొదలై, స్వచ్ఛంద సభ్యులు గీస్తూ వస్తున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా పనిచేసే ఆస్మాండ్ అనే యాప్, ఇలాంటి ట్రాక్‌ను తెరిచి ఆ గీత వెంటే మలుపు మలుపుకూ చెబుతూ నడిపించగలదు, అదీ నెట్ లేకుండానే. మూడో రోజు ఘాట్ రోడ్డులో మేము వాడింది ఇదే. నాలుగు ఫోన్లలోనూ ఒకే ఫైలు, ఒకే గీత. దీని సెట్టింగులు మాత్రం చాలా ఎక్కువ, మొదటిసారి తెరిచినవారు తికమకపడతారు. మాలో ఒకాయన అరగంట కూర్చుని కూడా స్వరం వచ్చేలా చేసుకోలేకపోయారు, చివరికి పక్క సీటులోని వారు తెర చూసి చెబుతూ వచ్చారు. ఆండ్రాయిడ్‌లో దీని ఉచిత రకంలో దించుకునే పటాల సంఖ్యకు పరిమితి కూడా ఉంది. ఏమైనా ప్రయాణానికి వారం ముందే అందరితోనూ ఇన్‌స్టాల్ చేయించి, ఇంటి చుట్టుపక్కల ఒకసారి నడిపించి చూడనిదే దీన్ని నమ్ముకోవద్దు.

ప్రణాళిక వేసే దశకు గూగుల్ మై మ్యాప్స్ నాకు ఇప్పటికీ ఇష్టమైన పనిముట్టు. బసలు, ఇంధనం, చూసే చోట్లు విడివిడి పొరలుగా పెట్టుకుని, నలుగురూ ఒకే పటం మీద మార్పులు చేయవచ్చు. అక్కడ గీసిన దారి ఫోన్‌లో మలుపులు చెప్పే నావిగేషన్‌గా మారదు కాబట్టి, అది రోడ్డు మీద వాడే వస్తువు కాదు. ఆగే చోట్ల వరుసను తామే తేల్చిపెట్టే యాప్‌లు కూడా ఉన్నాయి. తొమ్మిది చోట్లను 3,62,880 వరుసల్లో చుట్టిరావచ్చు గనుక, సరుకులు చేరవేసేవారికి ఆ సాయం అవసరమే. పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న బృందానికి ఎక్కడ ముందు ఆగాలన్నది దూరం తేల్చే విషయం కాదు, కాబట్టి దానికోసం డబ్బు కట్టడం నాకు అనవసరమనిపించింది.

సిగ్నల్ లేని చోట ఏం జరుగుతుందన్నది విడిగా చెప్పుకోవలసిన సంగతి, ఎందుకంటే చాలామంది జీపీఎస్‌కు నెట్ ఉండాలనుకుంటారు. ఫోన్ ఉపగ్రహాల సంకేతాలను అందుకోవడమే తప్ప వాటికి ఏమీ పంపదు. నెట్ లేకపోతే మొదటిసారి చోటు పట్టుకోవడానికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటుంది, అంతే. ఆగిపోయేది పటం. దించుకుని ఉంటే అదీ ఆగదు. గూగుల్ మ్యాప్స్ దించుకున్న పటంతో కారు దారి చూపిస్తుంది కానీ, రద్దీ సమాచారం, ప్రత్యామ్నాయ దారులు ఉండవు. మా వంటివారికి ఇది ఒక రకంగా మేలే, మధ్యలో రద్దీని చూసి దారి మార్చే అవకాశం దానికి ఉండదు. నిజంగా ఆగిపోయేది ఒకరి జాడ ఒకరికి తెలిపే ఏర్పాటు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్‌ను 15 నిమిషాలు, గంట, 8 గంటలు అనే మూడు గడువులతో పంచుకోవచ్చు. ఉదయం ఆరింటికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండింటికి ముగుస్తుంది కాబట్టి, భోజనానికి ఆగినప్పుడే మళ్లీ పంపడం అలవాటు చేసుకోవాలి. సిగ్నల్ పోయిన కారు చుక్క చివరిగా కనిపించిన చోటే నిలిచిపోతుంది. ఘాట్‌లో వెనక కారు ఇరవై నిమిషాలుగా కదలడం లేదని కంగారుపడి మేము ఆగిపోయాం. తీరా చూస్తే వాళ్లు హాయిగా వస్తూనే ఉన్నారు. అప్పటి నుంచి చుక్క పక్కన అది ఎప్పటిదో తెలిపే సమయాన్ని చూడకుండా ఏ నిర్ణయమూ తీసుకోవడం లేదు.

బసల విషయంలో కూడా పటమే మా అనుభవాన్ని తేల్చింది. మొదటి రాత్రి బస గదులు శుభ్రంగా ఉన్నాయి, నాలుగు కార్లకూ చోటుంది, కానీ పటంలో వారి పిన్ వెనక సందులో ఉంది. ఆ సందులో కారు తిరగదు. మూడు కార్లు ఒకదాని వెనక ఒకటి రివర్సులో బయటికి రావలసి వచ్చింది. రెండో రాత్రి బస గదులు చిన్నవి, వేడినీళ్లు ఆలస్యంగా వచ్చాయి. అయినా దాని నిర్వాహకుడు ముందు రోజే గేటు దగ్గర నిలబడి తన ఫోన్ నుంచి లొకేషన్ పంపాడు, చివరి మలుపు ఫోటో తీసి దాని కింద ఆనవాలు రాశాడు. చీకటి పడ్డాక నాలుగు కార్లూ ఒక్కసారి కూడా ఆగకుండా నేరుగా లోపలికి వచ్చాయి. మళ్లీ వెళ్తే నేను రెండోదానికే వెళ్తాను. ఎవరూ అలా పంపకపోతే గేటు చోటును ప్లస్ కోడ్‌గా అడిగి తీసుకోవడం మంచిది. అది అక్షాంశ రేఖాంశాలను కుదించిన రూపం, పూర్తి కోడ్ దాదాపు 14 మీటర్ల చదరాన్ని చూపిస్తుంది. వీధి పేరు లేని చోట గేటును పట్టుకోవడానికి అంత చాలు.

యాప్ చెప్పే సమయం ఒక్క కారుది. రెండో రోజు ఐదు గంటల పది నిమిషాలు అని చూపిన దారి మాకు ఏడు గంటల ఐదు నిమిషాలు పట్టింది, దారిలో ఎక్కడా ఇబ్బంది లేకుండానే. పది నిమిషాలు అనుకున్న విరామం నాలుగు కార్లతో పాతిక నిమిషాలవుతుంది. అందుకే చీకటి పడేలోగా ఘాట్ దిగాలంటే యాప్ చూపిన సమయానికి మూడో వంతు కలిపి బయలుదేరే వేళ నిర్ణయిస్తున్నాం. గంటన్నరకొకసారి కలుసుకునే చోటు ముందే పెట్టుకుంటున్నాం. దారి తెలిసినవారు ముందు కారులో, నింపాదిగా నడిపేవారు చివరి కారులో ఉంటారు. మలుపు తిరిగే ప్రతి కారూ వెనక కారు కనిపించేదాకా పక్కన ఆగుతుంది. ఫోన్ పని పక్క సీటులోని వారిది, డ్రైవరు దాన్ని ముట్టుకోడు. బయలుదేరే ముందు నాలుగు ఫోన్లలో టోల్, హైవే సెట్టింగులు ఒకరు చదువుతుంటే మిగిలినవారు సరిచూసుకుంటారు. దీనికి మూడు నిమిషాలకు మించి పట్టదు.

వచ్చే ప్రయాణానికి మా నాలుగు కార్లలో ఒకటి ఎలక్ట్రిక్ అవుతోంది. దానికోసం ‘ఏ బెటర్ రూట్‌ప్లానర్’ అనే యాప్‌ను ఇప్పటి నుంచే వాడి చూస్తున్నాను. స్వీడన్‌లో పుట్టి 2023లో అమెరికా ఎలక్ట్రిక్ వాహనాల సంస్థ రివియన్ చేతికి వెళ్లిన ఈ యాప్, కారు మోడలు, బ్యాటరీలో మిగిలిన శాతం, రోడ్డు ఎత్తుపల్లాలు, వాతావరణం లెక్కలోకి తీసుకుని ఎక్కడ ఎంతసేపు ఛార్జి పెట్టాలో చెబుతుంది. ఎనభై శాతం దాటాక ఛార్జింగ్ నెమ్మదిస్తుంది కాబట్టి, నిండా నింపకుండా చిన్న విరామాలు రెండు పెట్టమంటోంది. ఇన్నాళ్లూ కలుసుకునే చోట్లను మా వీలును బట్టి పెట్టుకునేవాళ్లం. ఈసారి ఆ రెండు ఛార్జింగ్ స్టేషన్లే మా కలయిక చోట్లు. మిగిలిన మూడు కార్ల ట్రాక్‌ను వాటి మీదుగా మళ్లీ గీస్తున్నాను.