రిటైరైనంక ఎక్కడుందాం? నల్లగొండ నుంచి అలంపూర్ దాకా చూసొచ్చిన ముచ్చట

నేనూ మా సారూ ఇద్దరం సర్కారు టీచర్లమే. మన తెలంగాణ రాష్ట్రంలో ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 2021లో 58 నుంచి 61కి పెంచారు కదా, అట్లా ఆగినవాళ్లంతా 2024 మార్చి నుంచి వరుసగా దిగిపోతున్నారు. మేమూ ఆ గుంపులోనే. పిల్లలు డల్లాస్‌లో ఉన్నారు. వనస్థలిపురంలో అద్దె ఇంటి మెట్లు మా సారు మోకాళ్లకు పడటం లేదు. నాది నల్లగొండ, ఆయనది పాలమూరు, అంటే మహబూబ్‌నగర్. ఈ రెండు దిక్కుల్లో ఎక్కడైనా స్థిరపడదామని ఒక చక్కర్ కొట్టాం. చూసింది గుళ్లూ డ్యాములే గానీ, మనసులో వేసుకున్న లెక్క వేరు. అర్ధరాత్రి ఛాతీలో నొప్పొస్తే ఎటు పోవాలి, మందుల షాపు ఎంత దూరం, బస్సెక్కితే సీటు దొరుకుతుందా?

2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి నాకు ఖర్చు లేదు, ఆయనకే టికెట్. ఆయన నిలబడి, నేను కూర్చుని ఎన్ని ఊళ్లు దాటామో!

ముందు నల్లగొండ. బస్టాండ్ దగ్గర దిగిన లాడ్జిలో లిఫ్ట్ ఉంది, తాళం వేసి ఉంది. కింద గదే కావాలని పట్టుబడితే ఇచ్చారు. బాత్రూంలో పట్టుకోవడానికి ఏమీ లేదంటే పనిపిల్లగాడు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నల్లా కింద వేశాడు. ఈ యాత్ర మొత్తం మీద మాకు బాగా నచ్చిన సర్వీసు అదే. పొద్దున పానగల్ వెళ్లాం. ఛాయా సోమేశ్వరంలో గర్భగుడి గోడ మీది నీడ చూసి, పచ్చల సోమేశ్వరం చుట్టి, ఉదయసముద్రం కట్ట మీద నడిచాం. నీళ్ల మీది గాలి బాగుంది. సాగర్ వెనక జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తిపోస్తే ఇక్కడిదాకా వస్తున్నాయి. 2019లో మెడికల్ కాలేజీ వచ్చాక రోగమొస్తే హైదరాబాద్ పరుగెత్తే పని కొంత తగ్గింది.

నీళ్ల సంగతి మాత్రం అడిగి తెలుసుకోవాలి. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ బోర్లు ఎముకలు వంచిన తరాన్ని నేను స్కూల్లో చూసినదాన్ని. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణ నీళ్లు వస్తున్నాయి. అయినా అద్దెకు ఇల్లు చూసేటప్పుడు “తాగేది నల్లానా, బోరా?” అని మొహమాటం లేకుండా అడగండి.

అక్కడి నుంచి నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యాం కట్టేవాళ్ల కోసం వేసినదే హిల్ కాలనీ. చెట్లు, వెడల్పు రోడ్లు, సాయంత్రం చల్లగాలి. మా సారు దిగీ దిగగానే “ఇక్కడే!” అన్నాడు. నాగార్జునకొండకు లాంచీ ఎక్కడం దిగడం మోకాళ్లవాళ్లకు కొంచెం పరీక్షే. 2022లో తెరిచిన బౌద్ధ పార్కు బుద్ధవనం బాగుంది, కాకపోతే 274 ఎకరాలు. నీళ్ల సీసా, టోపీ లేకుండా ఎండపూట పోవద్దు. వానాకాలం గేట్లు ఎత్తినప్పుడు గదుల ధరలూ ఎత్తుతారు, ఆ వారాలు వదిలేసి వెళ్లండి. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన మా సంగతి విని, “పానం మంచిగుంటే స్వర్గమే టీచరమ్మా. పెద్ద రోగమొస్తే మాత్రం నల్లగొండో, మిర్యాలగూడో ఉరకాలె. ఆటోల పడుకోబెట్టి తోల్కపోతే పోయేది పోతనే ఉంటది” అన్నాడు. మా సారు మళ్లీ “ఇక్కడే” అనలేదు.

దారి మార్చి షాద్‌నగర్ వైపు రిటైర్డ్ వాళ్ల కోసమని కట్టిన ఒక కాలనీ చూశాం. పేరు రాయను. గడ్డి, గుడి, యోగా హాలు, గోడకు ఎర్ర బెల్లు అన్నీ ఉన్నాయి. డిపాజిట్ లక్షల్లో, నెల నెలా ఖర్చు వేరే. చూపించిన పిల్ల చాలా మర్యాదగా మాట్లాడింది. రాత్రి బెల్లు నొక్కితే ఎవరు వస్తారమ్మా అంటే సెక్యూరిటీ అంటది. నర్సు? పగలు ఉంటారు. ఇద్దరిలో ఒకరు పోతే డిపాజిట్ ఎంత తిరిగొస్తది, ఎన్నాళ్లకు? దానికి “మేనేజర్‌ను అడిగి చెప్తా మేడం” అన్నది. ఇంకా ఫోన్ రాలేదు. ఇలాంటిది చూడబోయేవాళ్లు యోగా హాలు పక్కనబెట్టి ఒప్పంద కాగితం అడగండి. మంచం పట్టాక ఉంచుకుంటారా, పంపేస్తారా అన్నది ఆ కాగితంలోనే ఉంటుంది.

మహబూబ్‌నగర్‌లో ఎక్కువ తిరిగాం, అత్తగారి ఊరు కదా. పిల్లలమర్రికి 2018లో చెదలు పట్టి, మందును సెలైన్ బాటిళ్లలో ఎక్కించి బతికించారు. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే చెట్టది. వైద్యం అందితే ముసలితనం ఎంతకాలమైనా సాగుతుందని మా సారు నవ్వాడు. పట్టణంలో 2016 నుంచి మెడికల్ కాలేజీ నడుస్తోంది. కాచిగూడకు రైలుంది, పిల్లలు వస్తే శంషాబాద్ ఎయిర్‌పోర్టూ ఇదే రోడ్డు మీద. రైల్వే వాళ్లు పెద్దవాళ్ల రాయితీని 2020 మార్చిలో ఎత్తేశారు గానీ, ప్యాసింజర్ టికెట్ ఎంతని!

అసలు విషయం పట్టణంలో కాదు, ఆయన ఊళ్లో తెలిసింది. అరుగుల మీద అందరూ మా వయసువాళ్లే, లేదా మాకన్నా పెద్దలు. ఒకప్పుడు పాలమూరు లేబర్ అని బొంబాయి, పుణె పోయిన ఊరు. ఇప్పుడు చదువుకున్న పిల్లలు హైదరాబాద్ పోయారు. మన రాష్ట్రంలో ఒక్కో ఆడమనిషికి సగటున పుట్టే పిల్లలు 1.8 మంది అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. పేపర్లో చదివితే అంకె. ఇక్కడ అదే అంకె కళ్లకు కనబడింది. మేము ఉంటే వండిపెట్టడానికి మనిషి దొరుకుతుందా అని మా ఆడబిడ్డను అడిగితే, ఒకామెను పిలిపించింది. ఆమెకూ అరవై దాటాయి, కంట్లో శుక్లం. “నేనే కోడలు రాకకు ఎదురు చూస్తున్న వదినా” అన్నది. ఊరు ప్రశాంతంగా ఉందంటే వయసులో ఉన్నవాళ్లు అక్కడ లేరని అర్థం. ఆ ప్రశాంతత కొనుక్కుంటే, రేపు మంచం పక్కన ఎవరుంటారన్నది మన లెక్కలో మొదట రావాలి. అందుకే పల్లె వద్దని నేను గట్టిగా అన్నాను. కాలేజీలు, హాస్టళ్లు, నర్సింగ్ చదివే ఆడపిల్లలు తిరిగే పట్టణమైతేనే నయం.

అలంపూర్‌కు దర్శనానికే వెళ్లాం, ఉండటానికి కాదు. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ, శ్రీశైలం ముంపులో మునగకుండా కూడవెల్లి నుంచి విప్పి తెచ్చి నిలబెట్టిన సంగమేశ్వరం. ఒక పూట చాలదు. పెద్దాసుపత్రి అంటే దగ్గర్లో కర్నూలే, అది పక్క రాష్ట్రం. హెల్త్ కార్డు అక్కడ పనికొస్తుందో లేదో ముందే కనుక్కుని బయలుదేరండి.

మా సారు ఓటు మహబూబ్‌నగర్‌కు, రైలు కోసం. నా ఓటు నల్లగొండకు, చెల్లెళ్లు ఉన్నారని. ఎండలు రెండు చోట్లా మాడ్చేవే కాబట్టి మే నెలంతా పానగల్ రోడ్డులో అద్దెకుండి చూద్దామని రాజీకొచ్చాం. ఇంటాయన బాత్రూంలో పట్టుకునే కడ్డీ పెట్టిస్తానన్నాడు, అద్దె మాత్రం పైసా తగ్గించనన్నాడు.