బీపీ మిషన్ ఇంట్లో పెట్టుకుని నాలుగేళ్లు దాటింది, కొనాలా వద్దా అంటే...

ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, ఇంట్లో బీపీ మిషన్ కొనుక్కోవచ్చా, కరెక్టుగా చూపిస్తుందా, లేకపోతే ఊరికే భయపడ్డానికేనా అని. మాది కాకినాడ. ఇంట్లో మేమిద్దరం, మా అబ్బాయి, అత్తయ్య గారు, మామయ్య గారు. కరోనా టైములో హాస్పిటల్ గుమ్మం తొక్కాలంటేనే భయంగా ఉండేది కదా, అప్పుడు కొన్నాం. జబ్బకి పట్టీ చుట్టే మామూలు డిజిటల్ మోడలు, రెండు వేల లోపే పడింది, ఇప్పటికీ అదే వాడుతున్నాం. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇన్నాళ్లు వాడాక నాకు తెలిసిందేంటంటే మంచి కంపెనీది ఏది కొన్నా పర్లేదు, రీడింగ్ పాడయ్యేది మనం కూర్చునే తీరు వల్లే.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చెప్తా, అది తెలిస్తే మిగతా జాగ్రత్తలు ఎందుకో అర్థమవుతాయి. డాక్టరు గారు పట్టీ బిగించి స్టెతస్కోప్ పెట్టి వినేది రక్తం పారే చప్పుడు, 1905లో కొరట్‌కాఫ్ అనే రష్యా డాక్టరు చెప్పిన పద్ధతి అది. మన డిజిటల్ మిషన్ ఏమీ వినదు. పట్టీలో గాలి నింపి, మెల్లగా వదులుతున్నప్పుడు రక్తనాళం కొట్టుకునే అదురు పట్టీలోకి ఎంత వస్తుందో చూసి, దాన్నిబట్టి పై నంబరు కింద నంబరు లెక్కేస్తుంది. అందుకని చెయ్యి కదిలినా, పిడికిలి బిగించినా, మాట్లాడినా లెక్క తప్పుతుంది. గుండె లయ తప్పి కొట్టుకునే వాళ్లకి, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లకి, ఒక్కో సారి ఒక్కో నంబరు రావచ్చు, వాళ్లు డాక్టర్ని అడిగి కొనుక్కోవడం మంచిది. మామయ్య గారు మాత్రం "పాదరసం మిషన్ ముందు ఇవన్నీ ఆటబొమ్మలమ్మా" అంటూనే ఉంటారు. పాదరసంతో చేసే బీపీ మిషన్లు 2020 తర్వాత తయారు చెయ్యకూడదని మినమాటా ఒప్పందంలోనే, అంటే పాదరసం వాడకం తగ్గించడానికి దేశాలు చేసుకున్న ఒప్పందంలోనే, ఉందండీ అంటే, "అయితే నువ్వే చూడు" అని చెయ్యి చాపేస్తారు.

ఆ చాపడంలోనే ఉంది తిరకాసు. ఆయన నవారు మంచం మీద కూర్చుని చెయ్యి కిందకి వేలాడేస్తారు, అలా చూస్తే నంబరు ఎక్కువే వస్తుంది. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి, పది సెంటీమీటర్లు కిందకి దిగితే ఏడెనిమిది పాయింట్లు పైన చూపిస్తుంది, ఇది మిషన్ లోపం కాదు, రక్తం బరువు లెక్క. మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర వీపు ఆనే కుర్చీ ఒకటి దీనికోసమే ఫిక్స్ చేశాం. వీపు ఆనించాలి, పాదాలు రెండూ నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వెయ్యకూడదు, చెయ్యి టేబుల్ మీద వదిలెయ్యాలి. పట్టీ చొక్కా మీద కాదు, ఒంటి మీద కట్టాలి, చొక్కా చెయ్యి పైకి మడిచి బిగుతుగా చేసేసి కింద కట్టినా తప్పే. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్, వాకింగ్ ఉండకూడదు. బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చి కూర్చోవాలి, ఇది చాలామంది పట్టించుకోరు గానీ నిండిన మూత్రాశయంతో చూస్తే పెరుగుతుంది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని అప్పుడు బటన్ నొక్కాలి.

ఊరికే కూర్చోవడం అనేది మా అత్తయ్య గారి వల్ల కాని పని. పట్టీలో గాలి నిండుతుంటే "పప్పు కిందకి దించావా, పాలవాడు వచ్చాడా, ఆ గేటు ఎవరు తీశారు" అంటారు. ఒకసారి కావాలనే మాట్లాడుతుండగా ఒకటి, మాట్లాడకుండా ఒకటి చూసి పక్కపక్కనే చూపించా, పది పాయింట్ల పైనే తేడా ఉంది, అప్పట్నుంచి కొంచెం నయం, ఇప్పుడు సైగలు చేస్తున్నారు.

తర్వాత పట్టీ సైజు. దీని గురించి షాపువాడు చెప్పడు, ఆన్‌లైన్‌లో కొంటే అసలే ఎవరూ చెప్పరు. మామూలుగా పెట్టెలో వచ్చే పట్టీ జబ్బ చుట్టుకొలత 22 నుంచి 32 సెంటీమీటర్ల వరకే, కొన్నిటికి 42 దాకా ఉంటుంది, పెట్టె మీద రాసి ఉంటుంది చూస్కోండి. మా ఆయన లావుపాటి మనిషి, చిన్న పట్టీ బిగించి చూస్తే పైది ఎప్పుడూ 150 దగ్గర వచ్చేది, ఆయన ముఖం పాలిపోయేది. టైలర్ టేపు పెట్టి కొలిస్తే జబ్బ 35 ఉంది. పెద్ద పట్టీ విడిగా తెప్పించాం, అదే మనిషి, అదే కుర్చీ, 130ల్లోకి వచ్చింది. ఉన్న బీపీ కాస్తో కూస్తో ఉంది, లేనిది పోయింది. కాబట్టి కొనేముందు ఇంట్లో అందరి జబ్బలూ కొలవండి, మోచేతికీ భుజానికీ మధ్యలో.

మణికట్టుకి పెట్టుకునే మోడలు కూడా మా ఇంట్లో ఉంది, మా మరిది అమెరికా నుంచి తెచ్చాడు, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. చెయ్యి ఎత్తు కొంచెం మారితే నంబరు మారిపోతుంది, వరసగా మూడు సార్లు చూస్తే మూడు రకాలు. ఇప్పుడది మా అబ్బాయి డాక్టరాట ఆడుకోడానికి పనికొస్తోంది. స్మార్ట్‌వాచీల్లో బీపీ అంటున్నారు, వాటిల్లో చాలావాటిని ముందు పట్టీ మిషన్‌తో సరిచూసి సెట్ చెయ్యాలి, మళ్లీ మళ్లీ చెయ్యాలి, అంటే పట్టీ మిషన్ ఎలాగూ కావాల్సిందే కదా.

ఇంక నంబర్ల సంగతి. ఒక్క రీడింగ్ చూసి గుండె బాదుకోవద్దండీ. డాక్టరు దగ్గర 140/90 అంటే బీపీ అంటారు కదా, ఇంట్లో చూసుకున్నప్పుడు సగటు 135/85 దాటితే ఎక్కువ కింద లెక్క. సగటు ఎలా అంటే, డాక్టరు దగ్గరకి వెళ్లే ముందు ఒక వారం పాటు పొద్దున్న టాబ్లెట్ వేసుకోక ముందు, టిఫిన్ తినక ముందు, మళ్లీ సాయంత్రం, ఒక్కోసారికి నిమిషం తేడాతో రెండు రీడింగులు. మొదటి రోజువి వదిలేసి మిగతావి సగటు కట్టాలి. మొదటిరోజు కొత్తకి కంగారుగా ఉంటుంది, ఎక్కువ వస్తుంది. రెండు చేతులూ చూసి ఎక్కువ వచ్చే చెయ్యే తర్వాత ఎప్పుడూ వాడాలి, రెండు చేతులకీ ఎప్పుడు చూసినా పదికి మించి తేడా వస్తుంటే మాత్రం డాక్టరుకి చెప్పండి.

మిషన్‌లో మెమరీ ఉంటుంది గానీ మా మోడల్లో ఎవరిది ఏదో విడిగా తెలీదు, అత్తయ్య గారిదీ మామయ్య గారిదీ పక్కింటి పిన్ని గారిదీ అన్నీ ఒకే సంతలో కలిసిపోతాయి. అందుకని స్కూలు నోటుబుక్కు ఒకటి పెట్టాం, మనిషికి కొన్ని పేజీలు. నన్నడిగితే మేం పెట్టిన డబ్బుల్లో సగం విలువ ఆ నోటుబుక్కుదే.

ఎందుకంటున్నానంటే, అత్తయ్య గారికి డాక్టరు దగ్గరకి వెళ్తే పైది 160 దాటుతుంది, ఎప్పుడూ అంతే. బయట కుర్చీల్లో గంట కూర్చుని, పక్కావిడ జబ్బులన్నీ విని, లోపలికి వెళ్లేసరికి ఆవిడ గుండె దడదడలాడుతుంటుంది. ఇంకో టాబ్లెట్ రాయబోతుంటే నోటుబుక్కు ఇచ్చాం, ఇంట్లో అన్నీ 128, 132, 126 ఇలా ఉన్నాయి. ఆయన పేజీలన్నీ తిప్పి, మీరు ఎలా కూర్చుని చూస్తున్నారో చెప్పండి అని అడిగి, మిషన్ కూడా తెప్పించి తన దానితో పోల్చి, కొత్త టాబ్లెట్ రాయలేదు. దీన్ని వైట్ కోట్ బీపీ అంటారట. దీనికి రివర్సు కూడా ఉంటుంది, డాక్టరు దగ్గర బాగానే ఉండి ఇంట్లో ఎక్కువ ఉండటం, అది ఇంకా ప్రమాదం ఎందుకంటే ఎవరికీ తెలీదు.

మామయ్య గారిది ఇంకో కథ. ఆయనకి రెండు రకాల టాబ్లెట్లు. రోహిణీ కార్తెలో ఎండలు మండిపోతుంటే పొద్దున్న మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతున్నాయి అన్నారు, ఇంట్లో అందరూ వేడి చేసింది మజ్జిగ తాగండి అన్నారు. నోటుబుక్కు చూస్తే అంతకుముందు చలికాలంలో 135 చుట్టూ తిరిగిన నంబర్లు 105, 108కి దిగి ఉన్నాయి. లేచి నిల్చున్నాక చూస్తే ఇంకా తక్కువ. ఎండాకాలం చాలామందికి బీపీ తగ్గుతుంది, చలికాలం పెరుగుతుంది, చెమటకి ఒంట్లో నీళ్లూ ఉప్పూ పోతాయి, పైగా టాబ్లెట్లు మామూలుగానే పనిచేస్తుంటాయి. నోటుబుక్కు ఫొటోలు డాక్టరుకి పంపిస్తే ఒకటి సగం చేశారు, వానలు పడ్డాక మళ్లీ పాత డోసుకి తెచ్చారు. పెద్దవాళ్లు కళ్లు తిరిగి బాత్‌రూమ్‌లో పడితే తుంటి ఎముక సంగతి ఏమవుతుందో మీకు తెలుసు. కానీ నంబరు తక్కువొచ్చింది కదా అని మీ అంతట మీరు టాబ్లెట్ మానెయ్యకండి, మా పక్కవీధిలో ఒకాయన అదే చేశారు, తర్వాత పక్షవాతం వచ్చింది, ఇప్పటికీ కుడిచెయ్యి సరిగ్గా లేవదు.

ఇంకోటి, మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే టాబ్లెట్లు, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి, బీపీ పెంచుతాయి. అత్తయ్య గారి రీడింగులు ఒక పది రోజులు కారణం లేకుండా పైకి పోతే, అడగ్గా అడగ్గా కొంగుముడిలోంచి స్ట్రిప్ బయటకొచ్చింది. మోకాళ్లకి ఏం వాడాలో ఇప్పుడు డాక్టర్నే అడుగుతున్నాం.

తిండి దగ్గరకొస్తే, ఉప్పు. ఒక్కరోజు ఆవకాయ తింటే తెల్లారేసరికి నంబరు పెరిగిపోతుంది అని నేను చెప్పను, మా పుస్తకంలో అలాంటిదేం కనపడలేదు కూడా, కానీ నెలల లెక్కన చూస్తే మాత్రం తేడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు అంటుంది, అంటే చిన్న చెంచాడు, అన్నిట్లో కలిపి. ఆ లెక్కన ఐదుగురికి నెలకి ముప్పావు కిలో చాలు. మా ఇంట్లో కిలో ప్యాకెట్ నెల తిరక్కుండానే ఖాళీ అయ్యేది, ఇంక పచ్చళ్లకి పోసే కళ్లుప్పు వేరే. గోదావరి జిల్లాల వాళ్లకి ఆవకాయ, మాగాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు లేకుండా ముద్ద ఎలా దిగుతుంది చెప్పండి! మానెయ్యమంటే ఎవరూ మానరు. మేం చేసిందేంటంటే పచ్చడి ఉన్న పూట అప్పడం లేదు, మజ్జిగలో పెరుగన్నంలో ఉప్పు లేదు, ఊరమిరపకాయలు ఆదివారానికి మాత్రమే. మజ్జిగలో ఉప్పు మానడానికి మామయ్య గారికి నెల పట్టింది, అల్లం, కరివేపాకు, నిమ్మకాయ పిండి ఇస్తే సర్దుకున్నారు. బజ్జీల్లో వేసే వంటసోడాలో కూడా ఉప్పులో ఉండే సోడియమే ఉంటుంది, అది ఎవరూ లెక్కెయ్యరు.

సైంధవ లవణం అయితే ఎంతైనా తినొచ్చు అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. అందులో కూడా దాదాపు అంతా సోడియం క్లోరైడే, అంటే మామూలు ఉప్పే. లో సోడియం ఉప్పు అని దొరుకుతుంది, అందులో కొంత పొటాషియం క్లోరైడ్ కలుపుతారు, బీపీకి మంచిదే, కానీ కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ టాబ్లెట్లు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా వాడకూడదు, ఒంట్లో పొటాషియం పెరిగిపోవచ్చు. మేం ఆ జోలికి పోలేదు.

ఇక మిషన్ మీద నా ఫిర్యాదులు. పట్టీకి ఉండే వెల్‌క్రో మూడో ఏడు నుంచి పట్టు తప్పింది, గాలి నిండుతుంటే చర్రున ఊడిపోయేది, కొత్త పట్టీ కొనాల్సొచ్చింది, దాని రేటు మిషన్ రేటులో మూడో వంతు దాకా ఉంది, అది నాకు నచ్చలేదు. బ్యాటరీలు వీకైతే ఎర్రర్ చూపిస్తుంది, ఊరెళ్లేటప్పుడు తీసెయ్యకపోతే కారి లోపల పచ్చగా చిలుము పడుతుంది. అడాప్టర్ విడిగా కొనాలి, పెద్దవాళ్లున్న ఇంట్లో అది కొనడమే నయం. ఏడాదికోసారి మిషన్‌ని డాక్టరు దగ్గరకి తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూస్తాం, ఇప్పటిదాకా మూడు నాలుగు పాయింట్లు మించి తేడా రాలేదు.

ఇంకో నష్టం ఉంది, కంగారు మనుషులకి ఇది వ్యసనం అవుతుంది. మా పిన్ని గారు రాత్రి రెండింటికి లేచి చూసుకుని, ఎక్కువొచ్చిందని భయపడి, ఆ భయంతో మళ్లీ చూసుకుని, ఇంకా ఎక్కువొచ్చిందని వాళ్లబ్బాయికి హైదరాబాద్ ఫోన్ చేసేవారు. అలాంటివాళ్లకి మిషన్ కొనివ్వకండి, దగ్గర్లో ఉన్న సబ్‌సెంటర్‌లోనో ప్రైమరీ హెల్త్ సెంటర్‌లోనో ఫ్రీగా చూస్తారు, వారానికోసారి అక్కడికి నడిపించండి, నడకా అవుతుంది. అయితే 180/120 దాటి, ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం లాంటివి ఉంటే మాత్రం మళ్లీ చూద్దాంలే అని కూర్చోకుండా వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తాలి.

మార్కులు అంటే, మిషన్‌కి పదికి ఎనిమిది. ఒకటి వెల్‌క్రోకి కోసేశా, ఇంకోటి మనిషి మనిషికి మెమరీ విడిగా లేనందుకు. ఇద్దరు వాడతారంటే ఇద్దరి మెమరీ విడిగా ఉండే మోడలు చూస్కోండి, కొంచెం ఎక్కువవుతుంది. బిల్లు, వారంటీ కార్డు పెట్టెలోనే పెట్టండి. నోటుబుక్కు మాత్రం గీతలున్నదే కొనండి, తెల్లకాగితం మీద మామయ్య గారు రాసింది డాక్టరుకే కాదు, ఆయనకి కూడా అర్థం కాలేదు.