ఐదో తరగతి దాకా ఒక్క సారూ లేని బడి: ఒక తండ్రి సమీక్ష

మా అబ్బాయి హైదరాబాదులోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఒకటి, రెండు తరగతులు పూర్తిచేసుకొని ఇప్పుడు మూడో తరగతి చదువుతున్నాడు. తరగతి గదులకు గాలి, వెలుతురు బాగా వస్తాయి, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి, బస్సు వేళకు వస్తుంది. ఫీజు ఎక్కువే అయినా మధ్యలో కొత్త వసూళ్లు లేవు. చదువు చెప్పే టీచర్ల ఓపికకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. ఒకటో తరగతి టీచరు మా వాడి చేత ఒత్తులు దిద్దించిన తీరును నేను మరచిపోలేను.

నా అసంతృప్తి ఒక్కటే. ఒకటి నుంచి ఐదు వరకు పాఠం చెప్పే మగవారు ఒక్కరూ లేరు. పిల్లలకు కనిపించే మగవారల్లా వ్యాయామం సారు, బస్సు డ్రైవరు, గేటు దగ్గర కాపలాదారు. మా వాడు ఇంట్లో బడి ఆట ఆడేటప్పుడు టీచరు కావడానికి వాళ్లమ్మ చున్నీని పైటలా వేసుకొనేవాడు. 2024 జూన్‌లో తెలుగు చెప్పడానికి ఒక యువకుడు చేరాక, వారం తిరగకముందే చున్నీ పక్కనపెట్టి, చొక్కా జేబులో సుద్దముక్క పెట్టుకొని పాఠం మొదలుపెట్టాడు. ఆ సారు దసరా సెలవుల తరువాత తిరిగి రాలేదు. 11,062 పోస్టులతో జరిగిన ఆ ఏటి తెలంగాణ డీఎస్సీలో, అంటే ప్రభుత్వ టీచర్ల నియామకంలో, ఆయన ఎస్జీటీగా (ప్రాథమిక తరగతుల టీచరుగా) ఎంపికయ్యారు. అక్కడ మూలవేతనమే 31,040 రూపాయలతో మొదలవుతుంది కనుక, అందులో సగం కూడా ఇవ్వని చోట ఆయన ఉండిపోవాలని ఎవరూ కోరలేరు.

1987లో ప్రాథమిక బడులకు కనీస వసతులు కల్పించే కేంద్ర పథకం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు మొదలైనప్పుడు ప్రతి ప్రాథమిక పాఠశాలలో కనీసం ఇద్దరు టీచర్లు ఉండాలనీ, వారిలో వీలైనంతవరకు ఒకరు మహిళ కావాలనీ ప్రభుత్వం ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. నేడు దేశంలోని మొత్తం బడుల్లో మహిళా ఉపాధ్యాయులు సగాన్ని దాటారు. ఇది ఎంతో సంతోషించవలసిన మార్పు. అయితే చిన్నపిల్లల చదువు ఆడవారి పనే అన్న నమ్మకం, ఆ నమ్మకాన్ని ఆసరా చేసుకొని తక్కువ జీతంతో సరిపెట్టే పద్ధతి మాత్రం నాకు సమ్మతం కావు. వాటివల్ల మగవారు ఆ గదుల్లోకి రావడం లేదు, ఉన్న మహిళలకు శ్రమకు తగిన ఫలితం దక్కడం లేదు.

తల్లిదండ్రుల సమావేశంలో నేను ఈ మాట ఎత్తినప్పుడు, మగవారి నుంచి దరఖాస్తులే రావని యాజమాన్యం చెప్పింది. ఆడపిల్లల తల్లిదండ్రులు కొందరు అభ్యంతరపెడతారని కూడా అన్నారు. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. సీసీ కెమెరాలు, అద్దాల తలుపులు, నియామకానికి ముందు విచారణ ఎవరిని తీసుకున్నా ఉండవలసినవే. ప్రాథమిక టీచర్లందరి జీతాలు పెంచి, కనీసం ఇద్దరు సార్లను నియమించాలని రాతపూర్వకంగా కోరాను. వచ్చే జూన్‌లో చూస్తామన్నారు.

ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. చేర్పించాలనుకొనేవారు టీచర్ల జీతం ఎంతో, ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో ముందుగా అడిగి తెలుసుకోండి.