తొమ్మిది రాత్రులు, మూడు బసలు, ఒక గ్లూకోమీటరు

ఈసారి సంచిలో బట్టలకంటే ముందు రక్తంలో చక్కెర కొలిచే గ్లూకోమీటరు సర్దుకున్నాను. అంతకు రెండు నెలల ముందు పరగడుపు చక్కెర 112 వచ్చింది. ఇన్సులిన్ నిరోధకత మొదలైందని డాక్టరు చెప్పారు. పరగడుపున 126 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం, 100 నుంచి 125 వరకు దాని ముందు దశ. క్లోమం ఇన్సులిన్ తయారుచేస్తూనే ఉంటుంది. కండరాలు, కాలేయం, కొవ్వు కణాలు మాత్రం దాని మాట సరిగా వినవు. వినిపించడానికి క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ వదులుతుంది, కొన్నేళ్లకు అలసిపోతుంది. ఇంటి దగ్గర తిండీ నడకా ఒక గాడిలో పడ్డాయి. పరాయి చోట ఆ గాడి తప్పుతుందేమోనని నా భయం. అందుకే మూడు చోట్ల మూడేసి రాత్రులు దిగి, ప్రతి బసనూ ఈ కంటితోనే చూశాను.

మొదటిది పెద్ద హోటలు. ఉదయపు ఫలహారానికి పొడవాటి బల్లల నిండా పదార్థాలు. మొదటి రోజు ఆకలి మీద ఒక గ్లాసు పళ్లరసం తాగి, తెల్ల బ్రెడ్డు తిన్నాను. గంట తర్వాత 181. మర్నాడు అదే బల్ల దగ్గర కూరగాయ ముక్కలు, ఉడికించిన గుడ్లు ముందు తిని, బ్రెడ్డు చివర్లో సగమే తీసుకున్నాను. రసానికి బదులు పండు. గంట తర్వాత 138. బ్రెడ్డు తగ్గించిన ఫలితం ఇందులో ఉంది, తిన్న వరస ఫలితమూ ఉంది. పీచు, మాంసకృత్తులు ముందు వెళితే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి దూకదు. రసంలోనైతే రెండు మూడు పండ్ల చక్కెర పీచు లేకుండా దిగిపోతుంది. (గ్లూకోమీటరు అంకెల్లో కొంత తేడా సహజం. ఒక్క అంకెను కాక వాటి నడతను నమ్ముతాను.) తిండి విషయంలో ఆ హోటలుకు మంచి మార్కులే వేస్తాను. అడగ్గానే చక్కెర లేని పెరుగు తెచ్చిచ్చారు. కానీ గేటు దాటితే నేరుగా పెద్ద రహదారి, నడవడానికి జానెడు చోటు లేదు. భోజనమయ్యాక గదుల మధ్య వరండాలో పచార్లు చేశాను.

రెండోది ఆరోగ్యం పేరు మీదే నడిచే విడిది. దాని మీదే ఎక్కువ ఆశ పెట్టుకుని వెళ్లాను, అక్కడే ఎక్కువ బాధపడ్డాను. రాత్రి భోజనం తొమ్మిదిన్నరకు. ఆ తర్వాత సంగీతం, మళ్లీ తెల్లవారుజామున ఐదింటికి వ్యాయామానికి పిలుపు. మూడు రాత్రులూ నాలుగున్నర గంటలకు మించి నిద్ర లేదు. తక్కువే తిన్నా మూడో ఉదయం పరగడుపున 119. కాలేయం రాత్రంతా కొద్దికొద్దిగా గ్లూకోజు వదులుతుంది, ఆపమని చెప్పేది ఇన్సులిన్. నిద్ర చాలకపోతే ఆ మాట కాలేయం చెవిన మరీ తక్కువగా పడుతుంది. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. ఆ కొద్ది రోజులకే గ్లూకోజును సర్దుకునే శక్తి వారిలో తగ్గింది.

అంతకంటే నన్ను కలవరపెట్టినది మరొకటి. అతిథులందరికీ ఒక రోజు పూర్తి ఉపవాసం సూచించారు, ఎవరు ఏ మందు వాడుతున్నారో అడగకుండానే. ఇన్సులిన్ గానీ, ఇన్సులిన్‌ను పెంచే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవారు అలా పస్తుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ విషయం వారికి చెప్పాను, శ్రద్ధగానే విన్నారు. అయినా ఆ సేవకు మంచి మాట రాయలేను.

మూడోది చెరువు పక్కన ఒక చిన్న అతిథి గృహం. మంచం గట్టిది, వేడినీళ్లు ఉదయమే వస్తాయి. అయితే రాత్రి భోజనం ఏడింటికల్లా పూర్తి, తొమ్మిదికి ఇల్లంతా నిశ్శబ్దం. చెరువు చుట్టూ మట్టిబాట. ప్రతి భోజనం తర్వాత పదిహేను నిమిషాలు నడిచాను. కదిలే కండరం ఇన్సులిన్ పిలుపు కోసం ఆగదు, గ్లూకోజును తనే లోపలికి లాక్కుంటుంది. ఇన్సులిన్ మాట వినని శరీరానికి ఇది రెండో ద్వారం. కూరగాయలు, పప్పు, కొద్దిగా ముడిధాన్యంతో భోజనం చేసి నడిచి వచ్చాక 124. చివరి ఉదయం పరగడుపున 102. ఆ అంకె చూసుకుని ఎంత సంతోషించానో చెప్పలేను.

ఆ మూడు రోజుల్లో నడక 150 నిమిషాలకు దగ్గరైంది. ఆ లెక్క నాకు డాక్టరు చెప్పినది. అమెరికాలో మధుమేహం ముందు దశలో ఉన్న 3,234 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం, 7 శాతం బరువు తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో, మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారితో పోలిస్తే మధుమేహం 58 శాతం తక్కువగా వచ్చింది. మెట్‌ఫార్మిన్ అనే మధుమేహం మందు వాడినవారిలో 31 శాతం తక్కువ. నాకు మందు రాయాలా వద్దా అన్నది డాక్టరే ఆరు నెలల తర్వాత పరీక్షలు చూసి తేలుస్తారు.

చెరువు పక్కన ఆ ఇంట్లోనే వచ్చే నెల మళ్లీ రెండు రాత్రులకు గది చెప్పాను. ఈసారి అమ్మ కూడా వస్తోంది. ఆవిడ చక్కెరకు మాత్రలు వేసుకుంటుంది కాబట్టి ఆ పేర్లు, భోజన వేళలు ఇంటావిడకు ముందే ఫోనులో చెప్పి రాయించాను.