ఫ్లష్ డ్రాకి ఎంత బెట్ మేలు: మూడో వంతా, సగమా, పాట్ మొత్తమా?

నో లిమిట్ హోల్డెమ్, అంటే ఎంతైనా బెట్ వేయగల పోకర్. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరివీ ఐదు: మొదటి మూడు ఫ్లాప్, నాలుగోది టర్న్, ఐదోది రివర్. ఒకే జాతి ముక్కలు ఐదు కలిస్తే ఫ్లష్, దానికి ఒక్క ముక్క తక్కువైన చేయి ఫ్లష్ డ్రా. మధ్యలో పోగైన చిప్సే పాట్. మీ చేతిలో డైమను ఆసు, కళావరు రాజు. టర్న్ దాకా బల్ల మీద పడ్డవి ఆఠీను ఆసు, ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు నాలుగు, కళావరు రెండు. ఎదుటివాడి దగ్గర ఇస్పేటు రాణి, జాకీ ఉన్నాయనుకుందాం. పాట్ 100 చిప్స్.

అతనికి కనపడని ముక్కలు 46, అందులో పనికొచ్చేవి 9. రివర్‌లో ఫ్లష్ పడే అవకాశం 19.6 శాతం. ఏ సైజు బెట్‌నైనా దీనితోనే తూచాలి.

మూడో వంతు, అంటే 33 వేస్తే కాల్ (అంతే చిప్స్ వేసి ఆటలో ఉండడం) గిట్టడానికి 166లో 33, అంటే 20 శాతం చాలు. ఫ్లష్ పడ్డాక మీ నుంచి మరో 3 చిప్స్ రాబట్టినా అతనికి లెక్క సరిపోతుంది. ముక్క ఊరికే చూపించినట్టే. ఈ సైజు డ్రాలు లేని బల్లకి పనికొస్తుంది, ఇక్కడ కాదు.

సగం, అంటే 50 వేస్తే 25 శాతం కావాలి. లోటు పూడాలంటే ఫ్లష్ పడ్డప్పుడల్లా మీరు సగటున 56 ఇవ్వాలి. అప్పటికి పాట్ 200 కాబట్టి 56 చేజారడం చాలా తేలిక. మూడో ఇస్పేటు పడగానే ఆసు జతని పారేయగలిగితేనే సగం సరైన సైజు. చాలామంది పారేయలేరు.

మూడింట రెండు వంతులు, అంటే 67 వేస్తే అతనికి రివర్‌లో 108 రావాలి. పాట్ మొత్తం, అంటే 100 వేస్తే 211. వెనక మిగిలిన స్టాక్ (చిప్స్) 150 అయితే ఆ 211 వచ్చే దారే లేదు, కాల్ శుద్ధ నష్టం. మరి ఎప్పుడూ పాట్ వేయొచ్చుగా? చిక్కు డ్రాతో రాదు. ఆసు-పది, తొమ్మిది జత లాంటి చేతులు ఫోల్డ్ అవుతాయి (ఆట వదిలేస్తాయి), నిజానికి మీకు ఎక్కువ డబ్బు ఇచ్చేవి అవే. డ్రా పట్టుకుని దేనికైనా కాల్ చేసేవాడి మీద పాట్, జాగ్రత్తగా ఆడేవాడి మీద మూడింట రెండు వంతులు మేలు.

ఫ్లాప్‌లోనే ఆల్ ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ) వేస్తే పీడ వదులుతుందనే వాదన ఒకటుంది. అక్కడ అతను రెండు ముక్కలూ చూస్తాడు, అవకాశం 35 శాతానికి పెరుగుతుంది. పాట్ సైజు ఆల్ ఇన్‌కి కావాల్సింది 33.3 శాతమే, అంటే అతని కాల్ సరైనదే. ఫ్లాప్‌లో పాట్ 100, మీ స్టాక్ 400 అయితే 100 వేయండి. కాల్ వస్తే పాట్ 300, మీ దగ్గర 300. టర్న్‌లో అదంతా తోస్తే 33.3 శాతం కావాల్సిన చోట అతనికి 19.6 శాతమే ఉంటుంది, రివర్‌లో రాబట్టడానికి ఏమీ మిగలదు.

అన్ని డ్రాలూ ఒకటి కావు. స్ట్రెయిట్ అంటే వరసగా ఐదు ముక్కలు. మధ్యలో ఒకటి లోపించి, నాలుగే ముక్కలు పనికొచ్చే స్ట్రెయిట్‌కి టర్న్‌లో 8.7 శాతం, పాట్‌లో పావు వంతు బెట్ కూడా భారమే. ఫ్లష్, రెండు వైపులా తెరిచిన స్ట్రెయిట్ కలిస్తే 15 ముక్కలు, ఫ్లాప్ నుంచి 54 శాతం. దాన్ని ఫ్లాప్‌లో ఏ సైజూ ఆపలేదు. టర్న్‌లో ముక్క పడకపోతే 32.6 శాతానికి దిగుతుంది, అప్పుడు పాట్‌కి మించి వేయాలి.

రివర్‌లో ఇస్పేటు రాకపోతే డ్రా చేయి పైసా ఇవ్వదు. అప్పటి బెట్ బలహీన ఆసుల కోసం, సగం చాలు. ఎదుటివాడు బ్లఫ్‌లు ఎక్కువ చేసేవాడైతే చెక్ చేసి (బెట్ వేయకుండా వదిలేసి), వాడు వేశాక కాల్ చేయడం మంచిది.