అరల్ సముద్రం ట్రిప్: పడవలకి అరగంట చాలు, అడుగు నేలకి టైమ్ ఉంచుకోండి

ఉజ్బెకిస్తాన్ అంటే మనోళ్లు ఎక్కువగా తాష్కెంట్, సమర్‌కంద్ చూసుకుని వచ్చేస్తారు. మేం ఆ దేశం పడమటి వైపు, అరల్ సముద్రానికి దారిలో ఉన్న నుకుస్ ఊరి దాకా వెళ్లింది మా బాబాయి పట్టుదల వల్ల. ఆయనది ప్రత్తిపాడు దగ్గర పత్తి వ్యవసాయం, పత్తి కోసం ఒక సముద్రాన్నే ఎండబెట్టారంటే కళ్లారా చూడాల్సిందే అన్నాడు. తాష్కెంట్ నుంచి రాత్రి ట్రైన్‌లో వెళ్లాం, బెర్తులు శుభ్రంగా ఉన్నాయి, హాయిగా పడుకోవచ్చు.

నుకుస్‌లో మామూలు హోటల్ చాలు. రూమ్, ఏసీ బాగానే ఉన్నాయి కానీ పంపు నీళ్లు కాస్త ఉప్పగా తగిలాయి, తాగడానికి బాటిళ్లు కొనుక్కోండి. అక్కడి సవిత్స్కీ చిత్రకళా మ్యూజియంకి ఒక పూట పెట్టండి.

అక్కడి నుంచి మొయినాక్ దాదాపు 200 కిలోమీటర్లు. ఒకప్పుడు చేపల రేవు, ఇప్పుడు నీళ్లు వంద కిలోమీటర్ల పైనే వెనక్కి పోయాయి. చాలా టూర్లు పొద్దున తీసుకెళ్లి, తుప్పు పట్టిన పడవల దగ్గర ఫోటోలు తీయించి సాయంత్రానికి వెనక్కి తెచ్చేస్తాయి, నన్నడిగితే దానికి డబ్బులు దండగ. పడవలు అరగంటలో అయిపోతాయి. అసలు చూడాల్సింది ఆ నేల.

జీపులో గంటల తరబడి సముద్రం అడుగు మీదే పోతుంటాం, ఆల్చిప్పలు, తెల్లటి పొర, అక్కడక్కడా ఇసుక లేవకుండా వరసగా నాటిన సాక్సాల్ అనే ఎడారి పొదలు. బాబాయి దిగి మట్టి నలిపి చూసి, మన చౌడు నేలలో ఇంత ఉప్పు ఎక్కడుందిరా అన్నాడు. పేరుకి సముద్రం కానీ నిజానికి సరస్సే, 1960లో ఇది ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు, సుమారు 68,000 చదరపు కిలోమీటర్లు. ఇందులోకి వచ్చే అము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్లని పత్తి పొలాలకి మళ్లించేసరికి సముద్రం ఎండింది, పొలాల్లో కొట్టిన మందులు డ్రెయిన్ల ద్వారా నదుల్లోకి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చి అడుగున ఉప్పుతో పాటు ఉండిపోయాయి. ఇప్పుడు గాలి లేస్తే అదంతా లేస్తుంది.

మాకూ మధ్యాహ్నం గాలి లేచింది. పెద్ద తుఫానేం కాదు. అయినా ఎండ పాలిపోయి చుట్టూ తెల్లగా కమ్మేసింది, మన మిర్చి యార్డు ఘాటులా వెంటనే తుమ్ములు రావు, కాసేపటికి పెదాల మీద ఉప్పు, తర్వాత కళ్లు, గొంతు మంట. 2018 మే చివర్లో వచ్చిన ఉప్పు తుఫాను అయితే ఉజ్బెకిస్తాన్‌లోని ఖోరెజ్మ్ ప్రాంతం దాటి తుర్క్‌మెనిస్తాన్ దాకా పోయింది. పొలాల్లో చేరిన ఉప్పుని విత్తే ముందు నీళ్లు పెట్టి కడగాలి, ఆ నీళ్లూ మళ్లీ అదే అము దర్యా నుంచే తేవాలి. ఇది విన్నాక బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. "మనం సాగర్ కాలవ నీళ్లు చివరి భూములకి రాలేదని ధర్నాలు చేస్తాం, కాలవ చివర ఏముందో మాత్రం ఎవరం అడగం" అన్నాడు. నాకు ఈ ట్రిప్ మొత్తంలో బాగా పట్టుకున్న మాట అదే.

రాత్రి మిగిలిన సముద్రం నీళ్ల ఒడ్డున యుర్త్ (గుండ్రటి గుడారం) క్యాంపులో ఉన్నాం. రేటు ఎక్కువే, బాత్రూమ్ బయట, కానీ పరుపులు, దుప్పట్లు మంచివి, సూప్, రొట్టె వేడివేడిగా పెట్టారు. శాకాహారులకి ఆలుగడ్డే దిక్కు, పొడులు, గోంగూర పట్టుకెళ్లండి. నీళ్లలో దిగితే మునగం, మామూలు సముద్రం కంటే ఎన్నో రెట్లు ఉప్పు, తర్వాత మంచినీళ్లతో కడుక్కోకపోతే ఒళ్లు మండుతుంది.

జీపు విషయం మాత్రం గట్టిగా చూసుకోండి. మేం మాట్లాడుకున్న ఏజెన్సీ కొత్త బండి అని చెప్పి అద్దం పూర్తిగా ఎక్కని పాతది పంపింది, ఆ దుమ్ములో అది చాలా ప్రమాదం. అడ్వాన్స్ ఇచ్చే ముందే బండి ఫోటో, ఏసీ సంగతి అడగండి. ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా రావద్దు, ఇన్హేలర్, మంచి మాస్కులు, కళ్లజోడు తప్పనిసరి. జూలై ఎండలు, జనవరి చలి రెండూ మనం తట్టుకోలేనివి, సెప్టెంబర్ అయితే మేలు.