ఆరూ ఆరూ పన్నెండు కాని చోట: పేర్చుకునే నెట్‌వర్క్ పెట్టెలతో ఏడాదిన్నర

గుంటూరు కొత్తపేటలో మూడంతస్తుల డయాగ్నొస్టిక్ సెంటరు ఒకదానికి నెట్‌వర్క్ కేబులింగ్ పని ఒప్పుకున్నప్పుడు, దాని యజమాని పెట్టిన షరతు ఒక్కటే. ప్రస్తుతానికి 16 కంప్యూటర్లు, 6 కెమెరాలు చాలు. పై అంతస్తులో స్కానింగ్ మొదలైతే ఆ లెక్క రెట్టింపవుతుంది. ఆ రోజున ఇప్పుడు కొన్న పెట్టెను పీకి పారేయమని మాత్రం తనకు చెప్పకూడదు. సామానంతా మెట్ల కింది చిన్న గదిలోనే సర్దాలి. నేల మీద నిలబెట్టే ర్యాక్‌కు అక్కడ చోటు లేదు. గోడకు బిగించే 12 యు (పన్నెండు అరల) పెట్టెను ఒకేసారి కొనిపిద్దామంటే, సగం ఖాళీగా ఉండేదానికి డబ్బెందుకు పెట్టాలని ఆయన అడిగారు. అలా వెతుకుతూ వెళ్లి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చూసినవే ఈ పెట్టెలు. ఒకటి కొనుక్కుని, అవసరం పెరిగినకొద్దీ దాని నెత్తిన మరొకటి బిగించుకుంటూ పోవచ్చు. మొదటిది గోడెక్కి ఏడాదిన్నర దాటింది, రెండోది ఎక్కి నాలుగు నెలలయింది కాబట్టి, ఇప్పుడు రాస్తే నాలుగు మాటలు నిలకడగా రాయగలననిపించింది. తయారీదారు పేరు రాయడం లేదు. నాకు ఎదురైన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఒక్క కంపెనీవి కావు, ఈ పద్ధతిలో పుట్టినవే.

పెట్టె సంగతి ముందు చెబుతాను. అది మామూలు 19 అంగుళాల కొలతకు చేసిన ఉక్కు రేకు పెట్టె. 550 మిల్లీమీటర్ల వెడల్పు, 450 లోతు, బయటి ఎత్తు 368. లోపల 6 యు, అంటే ఒక్కొక్కటి 44.45 మిల్లీమీటర్ల చొప్పున ఆరు అరలు. నల్ల పౌడర్ కోటింగ్, ముందు గట్టి అద్దం తలుపు, రెండు పక్కలా విడదీయగల రేకులు. పై పలకలోనూ అడుగు పలకలోనూ మధ్య భాగం కత్తిరించి, చిన్న ముడులతో నిలిపి ఉంచారు. సుత్తితో ఒకటి తగిలిస్తే ఊడివస్తుంది. పై పెట్టె అడుగునా కింది పెట్టె నెత్తినా ఆ భాగాలను తీసేసి, నాలుగు మూలల్లో ఎం6 బోల్టులు బిగిస్తే రెండు పెట్టెలూ ఒకటవుతాయన్నది ఏర్పాటు. ఇదే వరుసలో 3 యు పెట్టె కూడా దొరుకుతుంది.

మొదటి పెట్టె ఒంటరిగా ఉన్నన్నాళ్లూ దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పక్క రేకులు తీసి రెండు వైపుల నుంచీ చేతులు పెట్టగలగడం వల్ల 24 పోర్టుల ప్యాచ్ ప్యానెల్ (కేబుళ్ల చివరలు వచ్చి కూర్చునే పలక) పంచింగ్, అంటే తీగలను అందులో నొక్కి దిగగొట్టే పని, మెట్ల కింద వంగి కూర్చుని చేసినా నడుము పట్టేయలేదు. పరికరాల స్క్రూలు పట్టుకునేందుకు పట్టీ బెజ్జాల్లో ఎక్కించే కేజ్ నట్లు చేతులు చీల్చలేదు. రంధ్రాల అంచులు శుభ్రంగా రుద్ది ఉన్నాయి. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, చవక ర్యాక్‌లో కేజ్ నట్ ఎక్కించి గోరు చిట్లించుకున్నవారికి దీని విలువ తెలుస్తుంది. తలుపును ఎడమకైనా కుడికైనా తెరుచుకునేలా మార్చుకోవచ్చు. పెట్టెతో ఇచ్చిన నట్లు ఇరవయ్యే. ఒక్కో పరికరానికి నాలుగు చొప్పున లెక్కవేస్తే ఐదు పరికరాలతో సరి, ఆరో అరకు కొనుక్కోవలసిందే.

అసలు పరీక్ష స్కానింగ్ విభాగం వచ్చాక మొదలైంది. రెండో 6 యు పెట్టె తెప్పించి, మొదటిదాని మీద నిలబెట్టి చూసినప్పుడు నా దగ్గర పనిచేసే కుర్రవాడు టార్చి వేసి, "అన్నా, బెజ్జాలు కలవట్లేదు," అన్నాడు. నాలుగు మూలల్లో రెండు మూలలు సరిగ్గా కూర్చున్నాయి, మిగతా రెండూ సుమారు మూడు మిల్లీమీటర్లు పక్కకు పోయాయి. మధ్యలో గడిచిన పధ్నాలుగు నెలల్లో రేకు గుద్దే అచ్చు మారిందో, మడత వేసేచోట తేడా వచ్చిందో తెలియదు. దుకాణంవారు మర్యాదగానే మాట్లాడారు, మార్చి ఇస్తామన్నారు. కాని మార్చి ఇచ్చే పెట్టె కూడా కొత్త అచ్చుదే అయినప్పుడు ఉపయోగమేమిటి? ఆకురాయితో బెజ్జాలు సాగదీసి, వెడల్పు వాషర్లు వేసి బిగించాను. పేర్చుకోవచ్చని చెప్పి అమ్మే వస్తువుకు ముఖ్యమైన గుణం ఈ రోజు కొన్నది రేపు కొన్నదానితో కలవడమే. ఆ ఒక్క విషయంలోనే ఇది తడబడింది. రంగు కూడా పూర్తిగా కలవలేదు, కొత్తది కాస్త మెరుపు. మెట్ల కింద ఎవరూ చూడరు కాబట్టి దాన్ని పట్టించుకోను.

బోల్టులు బిగిసిన తరువాత తెలిసిన సంగతి ఇంకా ముఖ్యమైనది. ర్యాక్ నిలువు పట్టీ మీద బెజ్జాలు సమానమైన ఎడంలో ఉండవు. ఒక బెజ్జం మధ్య నుంచి తరువాతి దాని మధ్యకు 15.875, మళ్లీ 15.875, ఆపైన 12.7 మిల్లీమీటర్లు, ఈ మూడూ కలిస్తే ఒక యు. ఈ లయ తెగకుండా పైదాకా సాగితేనే రెండు యు, మూడు యు ఎత్తున్న పరికరాన్ని ఎక్కడైనా బిగించగలం. ఒక పెట్టె పై పలక, దాని మీది పెట్టె అడుగు పలక, వాటి మడతలు మధ్యలోకి వచ్చేసరికి లయ తెగిపోతుంది. మా దగ్గర కింది పెట్టెలో ఒక యు, పై పెట్టెలో ఒక యు ఖాళీగా ఉన్నాయి, అవి అతుకుకు ఇటూ అటూ ఆనుకునే ఉన్నాయి. అయినా 2 యు ఎత్తున్న యూపీఎస్‌ను పెట్టడానికి వీలుపడలేదు. చివరికి దానికి గోడమీద విడిగా అర కొట్టించాను. కాగితం మీద 12 యు, చేతికి వచ్చింది రెండు ఆర్లు.

ఎత్తులోనూ ఈ నష్టం కనిపిస్తుంది. ఒకే ముక్కగా వచ్చే మామూలు 12 యు గోడ పెట్టెల బయటి ఎత్తు 635 మిల్లీమీటర్లు ఉంటుంది. మా జత ఎత్తు 736. తేడా నాలుగు అంగుళాలు, రెండు పరికరాలు పట్టేంత.

ఎర్తింగ్ గురించి కరపత్రంలో ఒక్క ముక్క కూడా లేదు. పౌడర్ కోటింగ్ అందంగా ఉంటుంది, తుప్పును ఆపుతుంది, దానితోపాటు కరెంటునూ ఆపుతుంది. రంగు వేసిన రెండు రేకులను బోల్టుతో కలిపినంత మాత్రాన అవి విద్యుత్తు పరంగా కలిసినట్టు కాదు. బిగించిన తరువాత మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (కరెంటుకు దారి ఉంటే బీప్ కొట్టే అమరిక) పెట్టి ఒక కొన కింది పెట్టె ఎర్త్ బోల్టుకూ, ఇంకో కొన పై పెట్టె పట్టీకీ ఆనించాను, బీప్ రాలేదు. కింది పెట్టెకు ఎర్త్ తీగ ఉంది, పైది గాలిలో ఉంది. రెండు పెట్టెల ఎర్త్ బోల్టుల దగ్గరా రంగు గీకి, పళ్ల వాషర్లు వేసి, ఆకుపచ్చ పసుపు తీగతో రెండింటినీ కలిపాక గానీ బీప్ వినిపించలేదు. అర గంట పని, నామమాత్రపు ఖర్చు. కాని ఈ పరీక్ష చేయకుండా వెళ్లిపోయే పనివాళ్లు ఎందరో ఉంటారు. జానెడు తీగను, రెండు పళ్ల వాషర్లను తయారీదారు సంచిలో వేసి ఇస్తే ఆ ప్రమాదం ఉండదు. అద్దం తలుపు చట్రానికి కూడా ఇదే తీరున విడిగా తీగ వేయాలి.

వేడి విషయంలో నేను భయపడినంత జరగలేదు, అయితే దానికి కారణం పెట్టె గొప్పతనం కాదు. పై పెట్టెలో కెమెరాలకు కరెంటు కూడా అందించే పీఓఈ స్విచ్ ఉంది. అది పంపే కరెంటులో ఎక్కువ భాగం కెమెరాల దగ్గరే ఖర్చయినా, మార్పిడిలో పోయే భాగం పెట్టెలోనే వేడిగా మిగులుతుంది. కింది పెట్టె వేడి అతుకులోని కంత గుండా పైకి వచ్చి దీనితో కలుస్తుంది. గుంటూరు మే నెల ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. మొదట వేడెక్కే స్విచ్‌ను కింద పెట్టి, కంతను కేబుళ్లతో నింపేశాను. రెండు రోజుల్లో చేయి పెట్టలేనంత వేడి. తరువాత స్విచ్‌ను పైకి మార్చి, కేబుళ్లను కంతకు ఒక అంచుగా నెట్టి, పై పలకలో రెండు ఫ్యాన్లు గాలిని బయటికి తోడేలా పెట్టాను. అప్పటి నుంచి స్థిమితంగా ఉంది. పేర్చిన పెట్టెల్లో ఆ కంత తీగలకు దారి మాత్రమే కాదు, పొగగొట్టం కూడా. సగమైనా ఖాళీగా వదలాలి.

కంత కొలత కూడా చూసుకోవాలి. నెట్‌వర్క్‌కు వాడే క్యాట్6 కేబుల్ లావు సుమారు ఆరు మిల్లీమీటర్లు. 24 కేబుళ్లు కట్టకడితే ముప్పై అయిదు మిల్లీమీటర్ల దాకా వస్తుంది, 48 అయితే యాభైకి చేరుతుంది. కేబుల్‌ను దాని లావుకు నాలుగు రెట్ల కంటే తక్కువ వ్యాసార్ధపు వంపులో తిప్పకూడదన్నది నియమం, కాబట్టి అతుకు దాటగానే ప్యానెల్ వెనక్కి తిరగడానికి కనీసం రెండున్నర సెంటీమీటర్ల వంపు దొరకాలి. ఈ పెట్టెలో దొరికింది. కాని సుత్తితో ఊడగొట్టిన రేకు అంచులు కొడవలి అంచుల్లాగే ఉంటాయి. రబ్బరు పట్టీ ఇవ్వలేదు. పాత నీళ్ల గొట్టాన్ని నిలువునా చీల్చి అంచుకు తొడిగాను.

ఫైబర్‌కు కింది పెట్టె అడుగున 12 పోర్టుల ఎల్‌ఐయూ (ఫైబర్ వచ్చి ముగిసే చిన్న డబ్బా) పెట్టాను. ఇక్కడ ఈ పద్ధతి నిజంగా పనికొచ్చింది. రెండో పెట్టె ఎక్కించేటప్పుడు ఫైబర్‌ను కదిలించలేదు, స్ప్లైసింగ్ (ఫైబర్ కొనలను అతకడం) మళ్లీ చేయించలేదు, సెంటరులో ఇంటర్నెట్ పోయింది ఆదివారం సాయంత్రం ఇరవై నిమిషాలే. ఒకే పెద్ద పెట్టెకు మారి ఉంటే ఒక పూట రిపోర్టులన్నీ ఆగిపోయేవి. వేసిన ఫైబర్ జీ.652డీ రకం, దాని వంపు వ్యాసార్ధం 30 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అందుకే మిగులుగా వదిలిన ఫైబర్ లూప్‌ను అతుకు దాకా పోనివ్వకుండా కింది పెట్టెలోనే చుట్టి ఉంచాను. ఈ పెట్టెలు కొనేవారు ఏది కదలకూడదో దాన్ని అన్నిటికంటే కింది పెట్టెలో పెట్టుకుంటే, పైన ఎన్నిసార్లు కలిపినా విప్పినా దానికి తాకిడి ఉండదు.

లోతు 450 మిల్లీమీటర్లని చెప్పాను గదా. అది బయటి లోతు. ముందు పట్టీ తలుపు నుంచి కొంత వెనక్కి ఉంటుంది, పరికరం వెనక ప్లగ్గుకూ తీగ వంపుకూ చోటు వదలాలి. మా పీఓఈ స్విచ్ ఎక్కింది గానీ, పవర్ తీగ గోడవైపు రేకును ఒరుసుకుంటూ వంగింది. లోతు పెంచే విడి చట్రం ఈ వరుసలో లేదు. ఎత్తుకు పెరిగే పెట్టె లోతుకు పెరగదు కాబట్టి, మొదటి రోజునే భవిష్యత్తులో రాబోయే అతి లోతైన పరికరాన్ని కొలిచి కొనడం మంచిది.

బల్లుల గురించి నవ్వుకోకుండా చదవండి. పెట్టె రక్షణ రేటింగ్ ఐపీ20. దాని అర్థం 12.5 మిల్లీమీటర్ల కంటే లావైనవి లోపలికి పోలేవని, నీటి నుంచి రక్షణ లేదని. పిల్ల బల్లికి 12.5 మిల్లీమీటర్లంటే రాజద్వారం. అతుకు దగ్గర రేకులు సరిగా కలవని మూలలో ఒకటి దూరి, విద్యుత్ ప్లగ్గుల పట్టీ మీద ప్రాణం వదిలింది. ఆ మూలకు నురుగు పట్టీ, కేబుళ్లు వచ్చే దారికి బ్రష్ పలక పెట్టాక మళ్లీ జరగలేదు. ఆరుబయట పెట్టేందుకు ధూళినీ నీటి చిమ్మునూ ఆపే ఐపీ55 పెట్టెలు కొని ఇలాగే పేర్చాలనుకునేవారు, ఆ రేటింగ్ విడి పెట్టెకా, అతుకుతో కలిపిన జతకా అని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

బరువు ఎవరు మోస్తారన్నది చివరి సంగతి గాని చిన్న సంగతి కాదు. పై పెట్టెను కింది పెట్టెకు బోల్టులతో బిగించాం కదా అని గోడకు వదిలేయకూడదు; ప్రతి పెట్టెకూ దాని వీపున నాలుగు యాంకర్ బోల్టులు విడిగా ఉండాలి. మాది తొమ్మిది అంగుళాల ఇటుక గోడ కాబట్టి నిశ్చింత. ఇప్పటి కొత్త భవనాల్లో వాడే తేలిక ఇటుక గోడకు గానీ, నాలుగున్నర అంగుళాల అడ్డుగోడకు గానీ ఈ జతను నేరుగా బిగించను. ముందు ఇనుప కోణాలతో చట్రం వేసి, దానికి బిగిస్తాను.

డబ్బు లెక్కకు వస్తే, రెండు పెట్టెలకూ అయింది ఒకే 12 యు పెట్టె ధర కంటే దాదాపు మూడో వంతు ఎక్కువ. వాషర్లు, తీగ, నురుగు, నా మనిషి ఒక రోజు కూలి దీనికి అదనం. యజమానికి మాత్రం గిట్టుబాటయిందనే చెప్పాలి, ఎందుకంటే రెండో పెట్టె డబ్బు స్కానింగ్ ఆదాయం మొదలయ్యాక పెట్టారు, సెంటరు ఒక్క పూట కూడా ఆగలేదు. అద్దె గదుల్లో నడిచే చిన్న ఆఫీసులకు, కోచింగ్ సెంటర్లకు, అంతస్తుకొక పెట్టె పెట్టుకునే అపార్టుమెంట్లకు నేను ఇవి చెబుతాను. పెరుగుదల ఖాయమని తెలిసిన చోట, లేదా రెండు యు పరికరాలు వచ్చే చోట, ఒకే ముక్కగా 12 యు తీసుకుని ఖాళీ అరలకు బ్లాంక్ పలకలు బిగించమంటాను. రెండు పెట్టెలు కావలసి వస్తాయనే అనుమానం ఉంటే రెండూ ఒకే రోజున, ఒకే సరుకు నుంచి కొని, రెండోదాన్ని అట్టపెట్టెలోనే ఉంచడం మేలు.

గత వారం యజమాని మళ్లీ పిలిచారు. ఇంకో పది కెమెరాలు కావాలట, ఈసారి 3 యు పెట్టె సరిపోతుందని ఆయనే లెక్కకట్టి పెట్టారు. టేపు పెట్టి కొలిచాను. జత నెత్తి నుంచి మెట్ల పలక దాకా తొమ్మిది అంగుళాలు ఉంది. 3 యు పెట్టె బయటి ఎత్తు 235 మిల్లీమీటర్లు, అంటే తొమ్మిదీ పావు అంగుళాలు. కింద మీటరు బోర్డు ఉంది కాబట్టి జతను దించే వీలు లేదు. ఆ కెమెరాల స్విచ్‌కు రెండో అంతస్తులో, లిఫ్టు పక్క గోడమీద, విడిగా ఒక చిన్న పెట్టె బిగించబోతున్నాం.